చెప్పు

జూన్‌లో ఒక శిక్షకుడు వచ్చాడు,
మెడలో ఈల, చేతిలో రిమోటు.
యలహంక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, రెండో అంతస్తు.
స్టాంపు కాగితాల వాసనలో తెర కట్టి
మూడు బొమ్మలు చూపించాడు:
పరుగెత్తే మనిషి, బల్ల కింద మనిషి,
ఫోను చెవికి ఆనించుకున్న మనిషి.
మేం బోండాలు తింటూ చూశాం.

ఊడ్చే ఓబులమ్మ గుమ్మం దగ్గర నిలబడి
"ఏమంటాండాడప్పా?" అంది.
కదిరి నుంచి వచ్చి నాలుగు నెలలే,
కన్నడం ఇంకా ఆమె నోట్లో కుదురుకోలేదు.
"ఎవడన్నా కత్తి పట్టుకొని వస్తే
ఉరుకు. కుదరకుంటే దాక్కో. ఆనక చెప్పు."
"చెప్పా? కత్తికి చెప్పేం అడ్డమప్పా?"
కాలెత్తి హవాయి చెప్పు చూపించింది.
అందరం నవ్వాం.
అర్థం కాకపోయినా శిక్షకుడూ నవ్వాడు.

తర్వాత ఆమె ఇంకో మాట అడిగింది,
రికార్డు రూముకు లోపల గడియ లేదు గదా,
దాక్కుంటే ఎట్లా అని.
అది నేను కన్నడంలోకి తిప్పలేదు.
బోండా చల్లారిపోతోంది.

కార్తీకమాసం, మంచి ముహూర్తం, జనం మెట్ల దాకా.
కేకలు వినబడితే టోకెను గొడవ అనుకున్నాం,
రోజూ ఉండేదే.
అప్పుడు వాచ్‌మన్ మునిశామప్ప లోపలికొచ్చాడు
ఒక చేత్తో రెండో చేతిని పట్టుకొని,
అది ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ.

వాడి పేరు ఇక్కడ రాయను.
ఐదు గుంటల నేల వాడి పేరున పడలేదు,
నాకు తెలిసింది అంతే.
కొబ్బరిబోండాలు కొట్టే మచ్చుకత్తి.

నా కాళ్లకు ఏ బొమ్మా గుర్తు రాలేదు.
వాడున్న వైపే రెండడుగులు వేశానట.
కాలరు పట్టి ఓబులమ్మ లాగింది.
రికార్డు రూములో పదకొండు మందిమి,
పాత దస్తావేజుల దుమ్ము, ఒక చంటిబిడ్డ.
ఆమె చెప్పులు రెండూ విడిచి
అరిగిన మడమల వైపు తలుపు కిందికి తోసి
గుద్దింది, ఒట్టి కాలితో.
ఎన్ని వరండాలు అరగదీశాయో ఆ మడమల్ని,
ఆకంత పలచన.
మేకులా దిగాయి.

లైటు ఎవరు ఆర్పారో తెలీదు.
ఎవరి ఫోనో మోగబోయి పొట్ట కింద నలిగింది.
తల్లి బిడ్డ నోట్లో చున్నీ కొస పెట్టింది.
వేలిముద్రకు సిరా పూయించుకున్న ముసలాయన
ఆ బొటనవేలు ఎవరికీ అంటకుండా
పైకెత్తి పట్టుకున్నాడు,
అప్పుడు కూడా.

పిడి తిరిగింది. ఆగింది. మళ్లీ తిరిగింది.
తలుపు బియ్యపుగింజంత జరిగింది.
ఆ గింజంత సందులోంచి వాడి ఊపిరి విన్నాను,
నా ఊపిరి లాగే ఉంది.

ఇరవై రెండు నిమిషాలట. లెక్క పేపరు వాళ్లది.
"పోలీస్, బాగిలు తెగీరి" అంటే
ఓబులమ్మ కదల్లేదు.
"వాడూ అట్లే అంటాడు. పేరడుగు."
అడిగాను.
ఎస్సై తన పేరు రెండుసార్లు చెప్పుకున్నాడు.

మునిశామప్పకు రెండు వేళ్లు తిరిగి రాలేదు.
ఇప్పుడు కుడిచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు.
రికార్డు రూముకు ఇత్తడి గడియ వేశారు, నాలుగు మరలు.
రోజూ వేసి తీసి చూస్తాను.
సినిమాహాల్లోనైనా, పెళ్లిమంటపంలోనైనా
ముందు తలుపులు లెక్కపెడతాను,
ఏది లోపలికి తెరుచుకుంటుంది, ఏది బయటికి.
నా భార్య చెయ్యి పట్టుకొని కూర్చోబెడుతుంది.

చెప్పులు సాక్ష్యమని సంచిలో వేసి తీసుకుపోయారు.
ఆ సాయంత్రం ఆమె బస్టాపు దాకా
ఒట్టి కాళ్లతో నడిచింది.
మర్నాడు కొత్త జత కొనిచ్చాను.
గడియ సంగతి ఆ రోజు నేను చెప్పలేదని
ఆమెకు చెబుదామనే వెళ్లాను.
ఆమె చెప్పు తిరగేసి
మడమ మీద బొటనవేలితో నొక్కి చూసింది.

"మందం ఎక్కువప్పా. ఇంగా అరగల్ల" అంది.